అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్: మీ వంతు ఎంతో మీరే లెక్క కట్టుకోండి

నెల మొదట్లో అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: ఈ నెల మెయింటెనెన్స్ ఇంత, పదో తారీఖులోపు కట్టండి. చాలామంది మారుమాట లేకుండా కట్టేస్తారు. కొందరు రెండుసార్లు గుర్తుచేస్తే కడతారు. ఒకరో ఇద్దరో మాత్రం "ఇంత ఎందుకైంది?" అని అడుగుతారు. మూడేళ్లు మా బిల్డింగ్ లెక్కలు రాశాను కాబట్టి చెబుతున్నాను, ఆ అడిగినవాళ్ల వల్లే నా లెక్కలు బాగుపడ్డాయి. మీరూ అడగాలి. ఎక్కడ చూడాలో తెలుసుకుని అడిగితే అది గొడవగా మారదు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మెయింటెనెన్స్ అద్దె కాదు, కమిటీకి ఇచ్చే ఫీజు అంతకన్నా కాదు. ఫ్లాట్ కొన్నప్పుడు మీ గోడల మధ్య జాగాతో పాటు మెట్లు, లిఫ్టు, టెర్రస్, సంపు, పునాది, బయటి గోడలు, కింద ఉన్న నేల, వీటన్నిటిలో కూడా ఒక వాటా కొన్నారు. ఆ ఉమ్మడి ఆస్తి నిలబడటానికి అయ్యే ఖర్చులో మీ వంతు ఇది.

1. ముందు రెండు కాగితాలు బయటికి తీయండి

ఒకటి మీ సేల్ డీడ్. అందులో ఫ్లాట్ విస్తీర్ణం, స్థలంలో మీ అవిభాజ్య వాటా (విడదీయలేని ఉమ్మడి వాటా), పార్కింగ్ వివరాలు ఉంటాయి. ఏదైనా టెర్రస్ గానీ ఖాళీ జాగా గానీ ఒక్కరికే వాడుకునే హక్కుతో ఇచ్చి ఉంటే అదీ అక్కడే రాసి ఉంటుంది. రెండోది అసోసియేషన్ బైలాస్, అంటే సంఘం రాసుకున్న నియమాలు. మెయింటెనెన్స్ ఏ పద్ధతిలో పంచాలి, ఆలస్యమైతే వడ్డీ ఎంత, మీటింగ్ పెట్టకుండా కమిటీ ఎంతవరకు ఖర్చు చేయొచ్చు, మీటింగ్ చెల్లాలంటే ఎంతమంది రావాలి, ఇవన్నీ అందులో చూడండి.

చాలా బిల్డింగుల్లో బైలాస్‌లో ఒకటి రాసి ఉంటుంది, ఆచరణలో మరొకటి నడుస్తుంటుంది. తగాదా ముదిరి పై అధికారుల దాకా వెళ్తే అడిగేది రాసి ఉన్న కాగితాన్నే. కాబట్టి తేడా కనిపిస్తే ఓనర్లందరూ కూర్చునే జనరల్ బాడీ మీటింగ్‌లో చెప్పి, పద్ధతినైనా మార్చండి, లేదంటే తీర్మానం చేసి బైలానైనా మార్చండి.

2. ఖర్చులను మూడు కుప్పలుగా వేయండి

గడిచిన పన్నెండు నెలల ఖర్చుల పద్దు అడిగి తీసుకోండి. ఒక్క నెల చూస్తే ఏమీ తేలదు. బీమా ప్రీమియం ఏడాదికోసారి కడతారు, ట్యాంకులు కొన్ని నెలలకోసారి కడిగిస్తారు, ఆ నెల ఖర్చు ఎగిరి కనిపిస్తుంది.

మొదటి కుప్ప, ఇళ్లలో మనుషులు ఉన్నా లేకపోయినా ఆగని ఖర్చులు: జీతాలు, మెట్లు ఊడ్చి తుడిచే పని, ఉమ్మడి కరెంటు, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), బీమా, ఆడిట్. రెండో కుప్ప, వాడకాన్ని బట్టి పెరిగి తగ్గేవి: నీళ్లు, జనరేటర్ డీజిల్, ఉమ్మడి పైపులో వచ్చే గ్యాసు. మూడో కుప్ప, ఈ నెల బిల్లు రాకపోయినా ఏదో ఒక రోజు తప్పకుండా వచ్చేవి: రంగులు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, లిఫ్టు రోపులు, పంపు మోటార్లు, డ్రైనేజీ పైపులు. మీ పద్దులో ఈ మూడో కుప్ప అసలు లేకపోతే, మీరు కడుతున్నది తక్కువ అని సంతోషించకండి. దాని సంగతి అయిదో అంకెలో వివరంగా చెబుతాను.

ఉమ్మడి కరెంటు బిల్లు సరిగ్గా ఉందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చొచ్చు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద నడిస్తే, మోటారులో పోయే నష్టం కూడా కలుపుకుని, గంటకు సుమారు 4.4 యూనిట్లు లాగుతుంది. రోజుకు 4 గంటలు నడిస్తే 30 రోజులకు దాదాపు 530 యూనిట్లు. మెట్ల దగ్గర 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు 20 ఉన్నాయి, రాత్రి 12 గంటలు వెలుగుతాయి అనుకోండి, నెలకు 144 యూనిట్లు. వీటికి లిఫ్టు కలపండి. మీ లెక్కకు బిల్లు అటూ ఇటూగా ఉంటే సరే. రెండింతలు ఉంటే మోటారు అవసరానికి మించి నడుస్తోందనో, ఎవరిదో లైను ఉమ్మడి మీటరుకు కలిసి ఉందనో అనుమానించాలి. మా దగ్గర ఓవర్‌హెడ్ ట్యాంకులో, నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ చెడిపోయి మోటారు ఆగకుండా నడిచి, నీళ్లు పైనుంచి పొంగి పైపులో పడి పోయేవి. రాత్రిపూట జరిగేది కాబట్టి ఎవరూ చూడలేదు. బిల్లే మొదట చెప్పింది.

లిఫ్టు ఏఎంసీలో ఒక్కటే చూడండి: విడిభాగాలు కలిపి ఉన్న ఒప్పందమా, సర్వీసుకు మాత్రమేనా? రెండోదైతే ఏడాది రుసుము తక్కువగానే ఉంటుంది, కానీ ఏది పోయినా దాని బిల్లు వేరే వస్తుంది. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోతే తక్కువగా కనిపించినదే చివరికి భారమవుతుంది.

3. పంచే పద్ధతి తేల్చండి

గొడవలన్నీ ఇక్కడే పుడతాయి, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. 10 ఫ్లాట్ల బిల్డింగ్ తీసుకోండి. ఆరు ఫ్లాట్లు 1,000 చదరపు అడుగులవి, నాలుగు 1,500 అడుగులవి. మొత్తం 12,000 అడుగులు. నెల ఖర్చు 24,000 రూపాయలు అనుకుందాం.

అందరికీ సమానంగా పంచితే తలా 2,400. అడుగుల లెక్కన పంచితే అడుగుకు 2 పడుతుంది, చిన్న ఫ్లాటుకు 2,000, పెద్దదానికి 3,000. చిన్న ఫ్లాటువాళ్లు అడుగుల లెక్క కావాలంటారు, పెద్ద ఫ్లాటువాళ్లు సమానం కావాలంటారు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. కాపలా మనిషి జీతం పెద్ద ఫ్లాటు ఉందని పెరగదు. మెట్లు ఊడ్చే పని ఇంటి సైజును బట్టి మారదు. అదే సమయంలో బయటి గోడల రంగు, టెర్రస్ మరమ్మతు, బిల్డింగ్ బీమా, ఇవి ఆస్తిని కాపాడే ఖర్చులు. ఎక్కువ ఆస్తి ఉన్నవారికి ఎక్కువ మేలు జరుగుతుంది.

అందుకని మూడో దారి ఉంది. సేవల ఖర్చును సమానంగా, ఆస్తి ఖర్చును అడుగుల లెక్కన పంచడం. పై ఉదాహరణలో 12,000 సేవలకు, 12,000 ఆస్తికి అనుకుంటే, ప్రతి ఫ్లాటుకు సమాన వంతు 1,200. దాని మీద అడుగుకు 1 చొప్పున చిన్నదానికి 1,000, పెద్దదానికి 1,500. మొత్తం చిన్న ఫ్లాటు 2,200, పెద్ద ఫ్లాటు 2,700. ఆరు ఫ్లాట్లకు 13,200, నాలుగింటికి 10,800, కలిపితే 24,000. నా అభిప్రాయం అడిగితే, ఫ్లాట్ల సైజుల్లో బాగా తేడా ఉన్న బిల్డింగులకు ఇదే న్యాయంగా ఉంటుంది. సైజులన్నీ దాదాపు ఒకటే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, సమానంగా పంచేయండి. అయితే ఏ పద్ధతి అయినా బైలాస్‌కూ స్థానిక చట్టానికీ లోబడే ఉండాలి. కొన్నిచోట్ల అవిభాజ్య వాటా ప్రకారమే పంచాలని చట్టమే చెబుతుంది, అక్కడ మన ఇష్టానికి తావు లేదు.

అడుగులు అన్నప్పుడు ఏ అడుగులో కూడా తేల్చుకోండి. కార్పెట్ ఏరియా (గోడల లోపలి జాగా) ఒకటి, బిల్టప్ (గోడలు కూడా కలిపి) ఒకటి, సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపి) మరొకటి. ఒకరికి కార్పెట్ లెక్కా ఇంకొకరికి సూపర్ బిల్టప్ లెక్కా పడితే మొత్తం తప్పుతుంది. బ్రోచర్‌లో వేసిన అంకె వద్దు, అందరివీ రిజిస్టరైన డాక్యుమెంట్లలో ఉన్న ఒకే రకం కొలత తీసుకోండి.

ఇక కింది అంతస్తువాళ్ల ప్రశ్న. "మేం లిఫ్టు ఎక్కం, మాకెందుకు?" అడగడంలో తప్పు లేదు. కానీ లిఫ్టు బిల్డింగ్‌లో భాగం, దానివల్ల పెరిగిన విలువ కింది ఫ్లాటుకు కూడా అంతో ఇంతో అందుతుంది. ఇదే వాదనతో పోతే పై అంతస్తువాళ్లు "సెల్లార్‌లో నీళ్లు నిలిస్తే మాకేం?" అంటారు, మధ్యవాళ్లు "టెర్రస్ కారితే పైవాళ్లే చూసుకోవాలి" అంటారు, చివరికి ఉమ్మడి అన్నదే మిగలదు. చాలాచోట్ల అందరూ కట్టడమే నియమం. కొన్నిచోట్ల లిఫ్టు కరెంటు, సర్వీసులో కింది అంతస్తుకు తగ్గింపు ఇస్తారు, కొత్త లిఫ్టు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరూ పెట్టుకుంటారు. మీ దగ్గర ఏదో ఒకటి తీర్మానం చేసి రాసుకోండి. ఏడాదికోసారి కొత్తగా వాదించుకునే పరిస్థితి మాత్రం ఉంచకండి.

తాళం వేసిన ఫ్లాట్ల విషయం ఇంతకన్నా తేలిక. మొదటి కుప్ప, మూడో కుప్ప పూర్తిగా కట్టాలి, రెండో కుప్పలో వాడని మేరకు మినహాయింపు ఇవ్వొచ్చు.

4. నీళ్లకు మీటర్లు ఉంటే

ఇంటింటికీ మీటరు పెట్టిన చోట కూడా ఒక చిక్కు ఉంటుంది. ఇళ్ల మీటర్లన్నీ కూడితే మెయిన్ మీటరు అంకెకు సమానం కావు. తోటకు, మెట్లు కడగడానికి వాడిన నీళ్లు, పైపుల్లో లీకేజీ, మీటర్ల లోపం, అన్నీ ఆ తేడాలో ఉంటాయి. ఈ తేడాను ఉమ్మడి ఖర్చుగా పంచుతామని ముందే రాసుకోండి. నెలనెలా ఆ తేడా ఎంత శాతమో కూడా రాయండి. ఉన్నట్టుండి పెరిగితే లీకేజీ వెతకాలి. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో మట్టం గుర్తుపెట్టి, మోటారు ఆపి, తెల్లవారుజామున చూడండి. కుళాయి చుక్క కన్నా ఫ్లష్ ట్యాంకులే ఎక్కువ ద్రోహం చేస్తాయి. సెకనుకో చుక్క పడే కుళాయి రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు పోగొడుతుంది, అదే ఫ్లష్ వాల్వు సన్నగా కారుతూ ఉంటే చప్పుడు లేకుండా బకెట్లకు బకెట్లు పోతాయి.

5. రాబోయే ఖర్చుకు ఇప్పుడే జమ చేయండి

నేను లెక్కలు తీసుకున్న ఏడాది మా మెయింటెనెన్స్ చుట్టుపక్కల అందరికన్నా తక్కువ. అదొక గొప్పగా చెప్పుకునేవాళ్లం. రెండో ఏడు లిఫ్టు మెషీన్ పోయింది. నిలవ చూస్తే రెండు నెలల జీతాలకు సరిపడా ఉంది. ఒక్కో ఫ్లాటు ఏడాది మెయింటెనెన్స్‌కు దగ్గరగా ఒకేసారి కట్టాల్సి వచ్చింది. కొందరు ఇవ్వలేకపోయారు, ఇవ్వగలిగినవాళ్లలో కొందరు ఇవ్వనన్నారు. లిఫ్టు ఏడు వారాలు ఆగింది. నాలుగో అంతస్తులో మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దావిడ ఆ ఏడు వారాలు కిందికి దిగలేదు. ఇన్నేళ్లూ తక్కువ కట్టామనుకున్న డబ్బు అక్కడ తేలింది. మేం మిగుల్చుకున్నది ఏమీ లేదు, వాయిదా వేసుకున్నాం అంతే. ఆవిడ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా ఈ అధ్యాయం అందరికీ చెప్పాలనిపిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. బిల్డింగ్‌లో అరిగిపోయే ప్రతి వస్తువునూ ఒక పట్టికలో రాయండి. పక్కన మూడు గళ్లు: ఎన్నేళ్లలో మార్చాల్సి రావొచ్చు, ఇవాళ మారిస్తే ఎంత, ఇప్పటికే ఎంత జమ ఉంది. ఆయుష్షు మనం ఊహించకుండా లిఫ్టు మెకానిక్‌నూ ప్లంబర్‌నూ స్ట్రక్చరల్ ఇంజనీర్‌నూ తీసుకొచ్చి చూపించండి.

ఉదాహరణకు రంగుల పని. ఇవాళ వేయిస్తే 3,00,000 అవుతుంది, ఇంకో 6 ఏళ్లలో వేయించాలి, ఇప్పటికి 84,000 ఉంది అనుకోండి. మిగిలిన 2,16,000ను 72 నెలలతో భాగిస్తే నెలకు 3,000. 12,000 అడుగుల బిల్డింగ్‌లో అడుగుకు పావు రూపాయి. కానీ ధరలు ఆగవు కదా. ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే ఆరేళ్లకు అదే పని 4,25,000 దాటుతుంది. అప్పుడు నెలకు జమ చేయాల్సింది సుమారు 4,740. డిపాజిట్ మీద వడ్డీ వస్తుంది కాబట్టి కొంత తగ్గుతుంది, అయినా 3,000 చాలదు. ఇలా ఒక్కో వస్తువుకూ వేసి కూడితే నెలకు ఎంత పక్కన పెట్టాలో తెలుస్తుంది. మొదటిసారి వేసినప్పుడు ఆ అంకె చూసి గుండె ఝల్లుమంటుంది. ఒకేసారి పెంచలేకపోతే మూడేళ్లలో అంచెలంచెలుగా పెంచండి, కానీ అంకెను దాచకండి.

ఈ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తప్పనిసరి. కార్పస్ ఫండ్ అనండి, సింకింగ్ ఫండ్ అనండి, పేరు ఏదైనా, నెల ఖర్చులకు చాలనప్పుడు అందులోంచి "సర్దుబాటు" చేయడం మొదలైతే ఇక అది ఉండదు. తీయాలంటే జనరల్ బాడీ తీర్మానం, ఇద్దరి సంతకాలు ఉండాలి. బిల్డర్ దగ్గర మొదట కట్టిన కార్పస్ ఉంటే అది అసోసియేషన్ ఖాతాకు వచ్చిందో లేదో కూడా చూడండి. అప్పగింత సమయంలో డబ్బుతో పాటు నిర్మాణ ప్లాన్లు, పైపులు, వైరింగ్ డ్రాయింగులు, లిఫ్టు, పంపుల వారంటీ కాగితాలు కూడా అడగాలి. పైపు ఎక్కడ పోయిందో తెలియక గోడలు పగలగొట్టే ఖర్చు ఆ డ్రాయింగులతో తప్పుతుంది.

6. ఏ మరమ్మతు ఎవరిదో

ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ పైపు గానీ వైరు గానీ ఒక్క ఇంటికే పనిచేస్తుందా, ఎక్కువ ఇళ్లకా? మీ బాత్రూమ్ నుంచి నిలువు పైపు దాకా ఉన్న అడ్డ పైపు సాధారణంగా మీది. అన్ని అంతస్తులూ దిగే నిలువు పైపు ఉమ్మడిది. పై ఇంటి బాత్రూమ్ నేల కారి కింది ఇంటి సీలింగ్ తడిస్తే, కారణం ఎక్కడుందో ప్లంబర్‌తో ముందు రాయించుకోండి, ఆ తర్వాతే డబ్బు మాట. అద్దెకు ఇచ్చినవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నెల మెయింటెనెన్స్ అద్దెకున్నవారు కట్టేలా మీరు ఒప్పందం చేసుకోవచ్చు, కానీ వారు కట్టకపోతే అసోసియేషన్ అడిగేది ఓనర్‌నే. మూడో కుప్ప మొత్తం ఓనర్‌దే, అద్దెకున్నవారి మీద వేయడం న్యాయం కాదు.

7. ఏడాది లెక్కలు చూసేటప్పుడు

మీటింగ్‌కు ముందే లెక్కలు అడగండి, మీటింగ్‌లో చేతికిస్తే ఎవరూ చదవలేరు. ముందు నిలవ చూడండి: పోయిన ఏడాది ముగింపు నిలవ, ఈ ఏడాది ప్రారంభ నిలవ ఒకటేనా? ముగింపు నిలవ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలుస్తోందా? చేతిలో నగదు ఎక్కువగా చూపిస్తే ఎందుకో అడగండి. తర్వాత బకాయిల జాబితా, కట్టాల్సిన బిల్లుల జాబితా. ఈ రెండూ లేకుండా "మిగులు ఉంది" అంటే నమ్మకండి. లెక్కల ఏడాది చివరి నెల బిల్లులు తర్వాతి ఏడాదికి నెట్టేస్తే ఎవరికైనా మిగులు కనిపిస్తుంది.

ఆ తర్వాత పెద్ద పద్దులు అయిదు ఎంచుకుని వాటి బిల్లులే చూడండి. ప్రతి చిన్న చీపురు బిల్లుకూ కమిటీని నిలదీస్తే పని చేసేవాళ్లు పారిపోతారు. వాళ్లు జీతం లేకుండా సాయంత్రాలు ఖర్చుపెడుతున్న మన పొరుగువాళ్లే. పెద్ద పనులకు మాత్రం మూడు కొటేషన్లు, మూడింటిలోనూ ఒకే పని వివరం ఉండాలి. రెండు కోటింగుల రంగుకు ఒకరు, ప్రైమర్‌తో కలిపి మూడు కోటింగులకు ఒకరు ధర చెబితే పోల్చడానికి లేదు. కాంట్రాక్టరు కమిటీలో ఎవరికైనా బంధువైతే ఆ సభ్యుడు సంగతి ముందే చెప్పి, ఓటు వేయకుండా ఉండాలి.

8. కట్టనివాళ్లతో

పది ఫ్లాట్లలో ఇద్దరు కట్టకపోతే అయిదో వంతు లోటు. దాన్ని నెలనెలా కట్టేవాళ్లే మోస్తారు. మొదట ఎవరైనా ఒకరు వెళ్లి మాట్లాడండి. ఉద్యోగం పోయిన ఇల్లు, ఆసుపత్రిలో ఉన్న ఇల్లు, వీళ్లకు వాయిదాలు రాసిస్తే చాలు. కావాలని ఆపేవారికి రాతపూర్వక నోటీసు, బైలాస్‌లో ఉన్నంత వడ్డీ, ఆ తర్వాత చట్టం చూపిన దారి. పేర్లు గ్రూపులో పెట్టి అవమానించడం, నీళ్లు ఆపడం మాత్రం వద్దు. నీళ్లు, కరెంటు ఆపడాన్ని చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు, పైగా ఆ ఇంట్లో పిల్లలు ఏం చేశారు? ఇక కమిటీ మీద కోపంతో మెయింటెనెన్స్ ఆపేయాలనుకునేవారికి ఒక మాట: కట్టండి, కట్టి అభ్యంతరం రాసివ్వండి. బకాయి ఉన్నవారికి మీటింగ్‌లో ఓటు లేదని చాలా బైలాస్‌లో ఉంటుంది, అప్పుడు మీ ప్రశ్నకే బలం పోతుంది.

9. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

పాత ఫ్లాటు కొంటుంటే అడ్వాన్స్ ఇవ్వకముందే అసోసియేషన్ నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ (బకాయిలు లేవన్న పత్రం) తెప్పించండి. పాత ఓనర్ బకాయి కొత్త ఓనర్ మెడకు చుట్టుకునే సందర్భాలున్నాయి. మూడేళ్ల లెక్కలు, మీటింగ్ మినిట్స్ (చర్చలు, తీర్మానాలు రాసి ఉంచినవి) చదవండి. తీర్మానమై ఇంకా మొదలుకాని పెద్ద పని ఉంటే, ఆ వంతు అమ్మేవారు కడతారా మీరు కడతారా అన్నది ఒప్పందంలో రాసుకోండి. బిల్డింగ్ మీద కోర్టు కేసులున్నాయేమో అడగండి. ఫండ్‌లో ఎంత ఉందో తెలుసుకుని, లిఫ్టు వయసు, టెర్రస్ పరిస్థితి పక్కన పెట్టి చూడండి. ఇరవై ఏళ్ల లిఫ్టు, ఖాళీ ఫండ్ ఉంటే బేరమాడేటప్పుడు ఆ ఖర్చులో మీ వంతు తీసేసి మాట్లాడండి.

అమ్మేవారైతే, ఫండ్‌లో మీరు ఇన్నాళ్లూ కట్టింది సాధారణంగా తిరిగి రాదు, అది ఫ్లాటుతో పాటే వెళ్తుంది. అందుకని తాజా ఫండ్ స్టేట్‌మెంట్ ఒక కాపీ తీసి ఉంచుకుని, ధర మాట్లాడే రోజు కొనేవారికి చూపించండి.